మారకం ఎవరి చేతిలో? విదేశాల్లో కార్డు వాడినప్పుడు పడే ఛార్జీల లెక్క

పరాయి దేశంలో హోటల్ గది ఖాళీ చేసి, బిల్లు కట్టడానికి కార్డు ఇస్తాం. మెషీన్ తెర మీద రెండు మొత్తాలు కనిపిస్తాయి. పైన అక్కడి కరెన్సీలో ఒక అంకె, కింద మన కార్డు ఏ కరెన్సీదో ఆ కరెన్సీలో ఇంకో అంకె. రెండోది మనకు అలవాటైన డబ్బు, చూడగానే ఎంత ఖర్చవుతోందో తెలిసిపోతుంది కాబట్టి వేలు దాని వైపే వెళ్తుంది. వెనక వరుసలో ఇంకెవరో నిలబడి ఉంటారు, కౌంటర్లోని ఉద్యోగి మెషీన్‌ను మన వైపు తిప్పి ఎదురుచూస్తుంటారు, ఆలోచించుకోవడానికి దొరికేది మూడు నాలుగు క్షణాలే. ఆ క్షణాల్లో మనల్ని అడుగుతున్న అసలు ప్రశ్న తెర మీద ఎక్కడా రాసి ఉండదు: ఈ డబ్బును ఒక కరెన్సీ నుంచి ఇంకో కరెన్సీలోకి మార్చే పనిని ఎవరికి అప్పగిస్తున్నారు?

విదేశాల్లో కార్డు వాడితే పడే ఛార్జీలన్నిటినీ చాలామంది 'ఫారిన్ ఫీజు' అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. ఆ ఒక్క మాట కింద కనీసం మూడు నాలుగు వేరువేరు చెల్లింపులు ఉంటాయి. వాటిని వసూలు చేసేవాళ్లు వేరు, లెక్కగట్టే పద్ధతి వేరు, స్టేట్‌మెంటులో కనిపించే తీరు వేరు. కొన్ని విడి పద్దుగా పడతాయి. కొన్ని మారకపు రేటులోనే కలిసిపోయి, ఛార్జీ అనే పేరే లేకుండా వెళ్లిపోతాయి. పేరున్న ఛార్జీ గురించి బ్యాంకును నిలదీయవచ్చు గానీ, రేటులో కలిసిపోయిన ఛార్జీ ఉందన్న సంగతే తెలియనప్పుడు ఎవరిని అడుగుతాం? నా దృష్టిలో ఈ విషయంలోని అసలు అన్యాయం ఛార్జీ ఉండటంలో కంటే, అది కంటికి కనిపించకుండా ఉండటంలోనే ఉంది.

ముందు కార్డు గీసిన తర్వాత డబ్బు ప్రయాణించే దారి చూద్దాం. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి వ్యవస్థల్లో నాలుగు పక్షాలు ఉంటాయి: కార్డుదారు, ఆ కార్డు ఇచ్చిన బ్యాంకు, అమ్మకందారు, అమ్మకందారు తరఫున కార్డు చెల్లింపులు స్వీకరించే బ్యాంకు. ఈ రెండు బ్యాంకుల మధ్య వారధిగా నెట్‌వర్క్ ఉంటుంది. మనం కార్డు పెట్టగానే జరిగేది అనుమతి మాత్రమే. ఖాతాలో సరిపడా డబ్బు లేదా పరిమితి ఉందో లేదో చూసి, ఆ మేరకు పక్కన పెడతారు. అసలు లెక్క తేలేది ఆ తర్వాత, అమ్మకందారు బ్యాంకు తన వివరాలను నెట్‌వర్క్‌కు పంపినప్పుడు. దానికి ఒక రోజు పట్టవచ్చు, రెండు మూడు రోజులూ పట్టవచ్చు. అమ్మకందారుకు తన కరెన్సీలో డబ్బు అందుతుంది, మన ఖాతాలో మన కరెన్సీలో ఖర్చు పడుతుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు మారకం చేసి తీరాలి. మామూలుగా ఆ పని చేసేది నెట్‌వర్కే.

నెట్‌వర్క్ వాడే రేటు దానికదే అంత చెడ్డదేమీ కాదు. ప్రధాన కరెన్సీలు 1973 నుంచి స్థిరమైన రేట్లను వదిలి మార్కెట్లో తేలుతున్నాయి. పెద్ద బ్యాంకులు తమలో తాము టోకున కొనుక్కునే ధరకూ అమ్ముకునే ధరకూ నట్టనడుమ ఉండేదాన్ని మధ్య రేటు అంటారు. పత్రికల్లో, ఇంటర్నెట్‌లో వెతికితే సాధారణంగా కనిపించేది అదే. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ ఏ రోజుకారోజు తమ రేట్లు నిర్ణయించి, వాటిని తమ వెబ్‌సైట్లలో లెక్కల పట్టీతో (కాలిక్యులేటర్‌తో) సహా అందరికీ అందుబాటులో ఉంచుతాయి. ఎక్కువగా వాడకంలో ఉన్న కరెన్సీల విషయంలో ఆ రేటు మధ్య రేటుకు దగ్గరగానే ఉంటుంది, ప్రయాణికులు నోట్లు మార్చుకునే కౌంటర్లలో దొరికే రేటుతో పోలిస్తే చాలా మెరుగు. ఆ లెక్కల పట్టీలో బ్యాంకు ఛార్జీ శాతాన్ని నింపడానికి ఒక గడి కూడా ఉంటుంది. ఆ గడి ఉండటమే ఒక విషయం చెబుతుంది: నెట్‌వర్క్ రేటు మీద బ్యాంకు తన వాటా కలుపుకుంటుంది.

ఆ వాటాను మార్కప్ అంటారు. ఇది చాలా కార్డులకు 1 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది. అసలు వసూలు చేయని కార్డులూ ఉన్నాయి. కొన్ని బ్యాంకులు దీన్ని స్టేట్‌మెంటులో విడి పద్దుగా చూపిస్తాయి, కొన్ని కొనుగోలు మొత్తంలోనే కలిపేస్తాయి. కొన్ని దేశాల్లో ఈ ఛార్జీ మీద మళ్లీ పన్ను పడుతుంది. ఇక్కడ చాలామందిని తికమక పెట్టేది ఇంకొకటి ఉంది. ఒక ఛార్జీ కరెన్సీ మారినందుకు, ఇంకొకటి లావాదేవీ సరిహద్దు దాటినందుకు. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నా ఇవి ఒకటి కావు. ఇంట్లో కూర్చుని ఒక వెబ్‌సైట్లో వస్తువు కొన్నారనుకుందాం. ధర మీ కరెన్సీలోనే చూపించారు, మీ కరెన్సీలోనే డబ్బు తీసుకున్నారు, అయినా ఆ సంస్థ బ్యాంకు ఖాతా వేరే దేశంలో ఉంటే సరిహద్దు దాటిన లావాదేవీగా ఛార్జీ పడవచ్చు. 'నేను విదేశానికి వెళ్లనే లేదు కదా' అని ఫిర్యాదు చేసే వాళ్లకు ఎదురయ్యే జవాబు ఇదే. కార్డు నిబంధనల్లో ఛార్జీ వేసేది 'విదేశీ కరెన్సీ లావాదేవీల'కా, 'విదేశాల్లో జరిగే లావాదేవీల'కా అన్న ఒక్క ముక్క చదివితే సగం సందేహాలు తీరతాయి.

ఈ ఛార్జీలు మొదటి నుంచీ ఇప్పుడున్నంత బహిరంగంగా కూడా లేవు. అమెరికాలో కార్డుదారులు వీసా, మాస్టర్‌కార్డ్, డైనర్స్ క్లబ్‌లతో పాటు పెద్ద బ్యాంకుల మీద ఉమ్మడిగా దావా వేశారు. విదేశీ లావాదేవీల మీద మారకపు ఛార్జీలను కూడబలుక్కుని నిర్ణయించారనీ, వాటిని కార్డుదారులకు సరిగ్గా తెలియజేయలేదనీ వాళ్ల ఆరోపణ. 2006లో ప్రతివాదులు తప్పు చేశామని ఒప్పుకోకుండానే 33.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించి రాజీకి వచ్చారు. 1996 ఫిబ్రవరి నుంచి 2006 నవంబరు వరకు విదేశీ లావాదేవీలు చేసిన వాళ్లు ఆ పరిహారానికి అర్హులు. పదేళ్లకు పైగా కోట్లమంది తమ ఖర్చులో ఒక భాగం ఎక్కడికి పోతోందో గమనించకుండానే చెల్లించారంటే, రేటులో కలిసిపోయిన ఛార్జీ ఎంత నిశ్శబ్దంగా పని చేస్తుందో తెలుస్తుంది.

ఇప్పుడు మళ్లీ హోటల్ కౌంటర్ దగ్గరికి వద్దాం. తెర మీద కనిపించిన ఆ రెండో అంకె వెనక ఉన్న సేవను డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, పొట్టిగా డీసీసీ. 1990లలో మొదలైన ఈ సేవ మారకం చేసే పనిని నెట్‌వర్క్ చేతిలోంచి తీసి, అమ్మకందారు వైపు ఉన్న సంస్థ చేతిలో పెడుతుంది. కార్డు నంబరులోని మొదటి అంకెలను బట్టి ఆ కార్డు ఏ కరెన్సీదో మెషీన్ పసిగడుతుంది, తన రేటు ప్రకారం మొత్తాన్ని లెక్కగట్టి చూపిస్తుంది. మనం ఒప్పుకుంటే బిల్లు మన కరెన్సీలోనే మన బ్యాంకుకు చేరుతుంది. ఆ రేటులో కలిపిన లాభాన్ని సేవ నడిపే సంస్థ, అమ్మకందారు బ్యాంకు, అమ్మకందారు పంచుకుంటారు. కౌంటర్లో ఉన్న వ్యక్తి 'మీ కరెన్సీలోనే కట్టేయండి, సులువు' అని అంత మర్యాదగా సలహా ఇవ్వడానికి కారణం తరచుగా ఆ పంపకమే. ఆ ఉద్యోగికి దాని సంగతి తెలియకపోవచ్చు కూడా. అలా అడగమని నేర్పి ఉంటారు.

లెక్క వేసి చూద్దాం, అంకెలన్నీ ఉదాహరణకు తీసుకున్నవే. బిల్లు 200 యూరోలు, కార్డు డాలర్లది, ఆ రోజు మధ్య రేటు ఒక యూరోకు 1.1000 డాలర్లు. ఛార్జీలేవీ లేకపోతే ఖర్చు 220 డాలర్లు. యూరోల్లోనే కట్టారనుకోండి, నెట్‌వర్క్ 1.1030 రేటు వేస్తే 220.60 డాలర్లు అవుతుంది, బ్యాంకు 3 శాతం మార్కప్ కింద 6.62 కలుపుకుంటే మొత్తం 227.22. దాని బదులు డీసీసీ ఎంచుకుంటే మెషీన్ 1.1700 రేటు చూపించి 234 డాలర్లు అడిగింది. మధ్య రేటు కంటే ఇది దాదాపు 6.4 శాతం ఎక్కువ. 'అయినా బ్యాంకు మార్కప్ తప్పుతుంది కదా' అనిపించవచ్చు. బ్యాంకు ఛార్జీ కరెన్సీకి ముడిపడి ఉంటే తప్పుతుంది. సరిహద్దు దాటిన ప్రతి లావాదేవీకీ ఛార్జీ వేసే బ్యాంకైతే 234 మీద కూడా 3 శాతం, అంటే 7.02 పడుతుంది. మొత్తం 241.02. అదే గది, అదే రాత్రి, అదే కార్డు. వేలు ఏ బటన్ మీద పడిందన్న దాన్ని బట్టి 13.80 డాలర్ల తేడా. ఒకే ప్రయాణంలో మారకానికి రెండుసార్లు మూల్యం చెల్లించినట్టయింది.

డీసీసీలో మంచి ఏమీ లేదా అంటే, ఒకటుంది. చెల్లించే క్షణంలోనే తుది మొత్తం తెలిసిపోతుంది. సంస్థ ఖర్చుల లెక్క అక్కడికక్కడే రాసుకోవాల్సిన వాళ్లకు, రోజురోజుకూ విలువ కోల్పోతున్న కరెన్సీలో కార్డు ఖాతా ఉన్నవాళ్లకు ఆ నిశ్చయం పనికొస్తుంది. బ్యాంకు మార్కప్ మరీ ఎక్కువై, డీసీసీ రేటు నిజంగా తక్కువగా ఉన్న సందర్భం కూడా ఊహించవచ్చు. అవి అరుదు. తెర మీది రేటును మధ్య రేటుతో పోల్చి చూసే తీరిక లేనప్పుడు అక్కడి కరెన్సీనే ఎంచుకోవడం దాదాపు ఎప్పుడూ లాభమే.

ఈ సేవ ఎవరి లాభాన్ని ఎవరి వైపు మళ్లిస్తుందో ఆస్ట్రేలియాలో నడిచిన ఒక కేసు బాగా చూపిస్తుంది. మారకం మెషీన్ దగ్గరే అయిపోతే నెట్‌వర్క్‌కు ఆ పని మీద వచ్చే ఆదాయం తగ్గుతుంది. 2010లో కొంతకాలం పాటు డీసీసీ కొత్త చోట్లకు విస్తరించకుండా వీసా అడ్డుకుంది. అక్కడి పోటీ నియంత్రణ కమిషన్ దీని మీద కోర్టుకు వెళ్లింది, 2015లో ఫెడరల్ కోర్టు వీసాకు 1.8 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది. కార్డుదారుకు ఖరీదైన సేవను అడ్డుకున్నందుకు జరిమానా ఏమిటని మొదట ఆశ్చర్యం కలుగుతుంది. మారకం చేసే హక్కు కోసం రెండు పక్షాలు పోటీ పడుతున్నాయనీ, ఆ పోటీని ఒక పక్షం తన బలంతో ఆపకూడదనీ చట్టం చూసిన కోణం. ఆ పోటీ మాత్రం మనకు తక్కువ రేటు ఇవ్వడానికి కాకుండా, మన వేలు ఏ బటన్ మీద పడాలన్న దాని గురించే సాగుతోంది.

ఐరోపా సమాఖ్య ఇంకో దారి పట్టింది. 2019 మార్చిలో తెచ్చిన 2019/518 నిబంధన ప్రకారం, సమాఖ్య దేశాల సొంత కరెన్సీల మధ్య మారకం జరిగినప్పుడు, ఏటీఎం దగ్గరైనా దుకాణంలోనైనా మొత్తం మారకపు ఛార్జీని ఐరోపా కేంద్ర బ్యాంకు తాజా సూచిక రేటు మీద ఎంత శాతం ఎక్కువో చెప్పాలి, అదీ చెల్లింపుకు ముందే చెప్పాలి. ఈ నియమం 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. కార్డు ఇచ్చిన బ్యాంకు ఇదే శాతాన్ని కార్డుదారు ఫోనుకు సందేశంగా పంపాలన్న నియమం మరో ఏడాదికి వచ్చింది. ఆ సూచిక రేటు పని రోజుల్లో రోజుకొకసారి సాయంత్రం 4 గంటల ప్రాంతంలో వెలువడుతుంది. దాన్ని సమాచారం కోసమే ప్రకటిస్తున్నామనీ, లావాదేవీలకు వాడటం తగదనీ ఆ బ్యాంకే చెబుతుంది. అయినా కొలబద్దగా అది చక్కగా సరిపోతుంది. బట్టలు ఎవరి దగ్గర కొన్నా మీటరు మీటరే అయినట్టు, మారకం ఎవరు చేసినా తేడాను ఒకే కొలతతో చూపించాలి. 'కమీషన్ లేదు', 'రేటుకు హామీ' వంటి మాటలకు ఆ కొలత ముందు విలువ ఉండదు. కరెన్సీ ఏదైనా, దేశం ఏదైనా ప్రతి మెషీన్ తెర మీద ఈ ఒక్క శాతం తప్పనిసరి కావాలని నేను గట్టిగా కోరుకుంటాను. దానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు, లెక్క ఎలాగూ ఆ మెషీన్‌కు తెలుసు.

ఏటీఎంల దగ్గర చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. యంత్రం యజమాని ఒక ఛార్జీ వేస్తాడు, మన బ్యాంకు నగదు తీసినందుకు ఒక స్థిరమైన మొత్తం, దాని మీద మార్కప్ శాతం వేస్తుంది, పైగా డీసీసీ తెర కూడా వస్తుంది. ఆ తెర మీది భాషే పెద్ద ఉచ్చు. మారకపు రేటు చూపించి 'అంగీకరించు', 'తిరస్కరించు' అని రెండు బటన్లు పెడతారు. తిరస్కరించు నొక్కితే నగదే రాదేమోనని, కార్డు లోపలే ఉండిపోతుందేమోనని భయం కలుగుతుంది, అందులోనూ చీకటి పడ్డాక కొత్త ఊళ్లో నిలబడి ఉన్నప్పుడు. నిజానికి అక్కడ తిరస్కరించేది మారకాన్ని మాత్రమే, నగదు మామూలుగానే వస్తుంది. కొన్ని యంత్రాల్లో అదే బటన్‌ను 'మారకం లేకుండా కొనసాగించు' అని సూటిగా రాస్తారు. స్థిరమైన ఛార్జీ ఉన్నచోట చిన్న చిన్న మొత్తాలు పదేపదే తీస్తే ఛార్జీ శాతం పెరిగిపోతుంది. క్రెడిట్ కార్డుతో నగదు తీస్తే సాధారణంగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, కొనుగోళ్లకు ఉండే గడువు దానికి వర్తించదు.

రేటు ఎంత అన్నదానితో పాటు, అది ఏ రోజు రేటు అన్నది కూడా ముఖ్యమే. నెట్‌వర్క్‌ను బట్టి, లావాదేవీని బట్టి అనుమతి ఇచ్చిన నాటి రేటు పడవచ్చు, లెక్క తేలిన నాటి రేటు పడవచ్చు. అందుకే ఫోనుకు వచ్చిన సందేశంలోని మొత్తానికీ స్టేట్‌మెంటులోని మొత్తానికీ కొద్దిపాటి తేడా ఉంటే అది మోసమని వెంటనే అనుకోనక్కర్లేదు. హోటళ్లు, అద్దె కార్ల సంస్థలు ముందుగా పట్టి ఉంచే హామీ మొత్తం మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాలి. దాన్ని కేవలం పట్టి ఉంచి వదిలేస్తే మారకం జరగదు. నిజంగా వసూలు చేసి తర్వాత వాపసు ఇస్తే రెండుసార్లు జరుగుతుంది.

ఈ వాపసు సంగతి నేను నేర్చుకున్నది నా స్టేట్‌మెంటు ముందు కూర్చునే. రద్దు చేసుకున్న ఒక బుకింగ్‌కు అమ్మకందారు తమ కరెన్సీలో పైసా తగ్గకుండా తిరిగి ఇచ్చారు, కానీ నా ఖాతాలో చేరింది కట్టినదానికంటే తక్కువ. వాళ్లు కోసుకున్నారని అనుమానించి ఉత్తరం కూడా రాశాను. తీరా రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూస్తే వాళ్ల తప్పేమీ లేదు. 500 యూరోలకు 1.1000 రేటు చొప్పున 550 డాలర్లు, 3 శాతం మార్కప్‌తో 566.50 కట్టాల్సి వచ్చిందనుకోండి. మూడు వారాల తర్వాత 1.0900 రేటుతో వాపసు వస్తే చేరేది 545. పోయిన 21.50లో రేటు కదిలినందుకు పోయింది 5 డాలర్లే, మిగతా 16.50 బ్యాంకు తిరిగి ఇవ్వని మార్కప్. కొన్ని బ్యాంకులు వాపసులో మార్కప్ కూడా వెనక్కి ఇస్తాయి, చాలా బ్యాంకులు ఇవ్వవు. జరగని కొనుగోలుకు మారకపు ఛార్జీ ఉంచుకోవడం సమంజసం కాదని నా అభిప్రాయం, అయినా నిబంధనల్లో రాసి ఉంటే వాదించడానికి తావుండదు.

ముందుగా డబ్బు నింపుకునే ప్రీపెయిడ్ కార్డులు, అనేక కరెన్సీల ఖాతాలు దీనికి ఒక ప్రత్యామ్నాయం. నింపిన రోజునే రేటు ఖాయమవుతుంది, అది వాటి బలం. నింపని కరెన్సీలో ఖర్చు చేస్తే మళ్లీ మారకపు ఛార్జీ పడటం, మిగిలిన డబ్బు వెనక్కి మార్చుకుంటే ఇంకోసారి తరుగు పోవడం, కొంతకాలం వాడకపోతే నెలవారీ ఛార్జీ పడటం వాటి బలహీనతలు. వారాంతంలో టోకు మార్కెట్లు మూసి ఉంటాయి కాబట్టి శని, ఆదివారాల్లో కొన్ని సంస్థలు రేటులో అదనపు శాతం కలుపుతాయి. మార్కప్ లేని క్రెడిట్ కార్డుకు వార్షిక రుసుము ఉంటే, ఏడాదిలో విదేశీ ఖర్చు ఎంతో చూసుకుని బేరీజు వేసుకోవాలి.

మళ్లీ తెర దగ్గరికి వస్తే, డాలర్ గుర్తును చూసి నిర్ణయం తీసుకోకూడదు. ఆ గుర్తును అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో పాటు ఇంకా చాలా దేశాలు వాడతాయి. ఐఎస్‌ఓ 4217 ప్రమాణం ప్రకారం ప్రతి కరెన్సీకీ మూడక్షరాల కోడ్ ఉంటుంది, యూఎస్‌డీ, సీఏడీ, ఏయూడీ, ఎస్‌జీడీ అని. మెషీన్ మీద, రసీదు మీద చూడాల్సింది దాన్నే. మన కరెన్సీ కోడ్ కనిపించిందంటే డీసీసీ జరుగుతోందని అర్థం.

ఎంపిక కార్డుదారుదేనని, అమ్మకందారు తనంతట తాను నిర్ణయించకూడదని నెట్‌వర్క్‌ల నియమం. ఆచరణలో మెషీన్‌ను మన చేతికి ఇవ్వకుండానే బటన్ నొక్కేసే చోట్లు ఉన్నాయి. అప్పుడు చేయాల్సింది అక్కడే, అప్పుడే ఆ లావాదేవీని రద్దు చేసి స్థానిక కరెన్సీలో మళ్లీ వేయమని అడగటం. అందుకు వాళ్లకు రెండు నిమిషాలు కూడా పట్టదు. ఒప్పుకోకపోతే మారకానికి నేను సమ్మతించలేదని రసీదు మీద రాసి, ఒక ఫొటో తీసి దాచుకోవాలి. డీసీసీ రసీదులో రెండు కరెన్సీల మొత్తాలు, వాడిన రేటుతో పాటు, 'నాకు ఎంపిక ఇచ్చారు, ఈ కరెన్సీని నేనే ఎంచుకున్నాను' అనే అర్థం వచ్చే వాక్యం కింద సన్నటి అక్షరాల్లో అచ్చవుతుంది. మనం నొక్కని బటన్‌కు మన పేరు మీద పడిన ఒప్పుకోలు అది. తప్పు కరెన్సీలో వసూలు చేయడం నెట్‌వర్క్‌లు గుర్తించే వివాద కారణాల్లో ఒకటి కాబట్టి, ఇంటికి వచ్చాక ఆ రసీదుతో బ్యాంకులో ఫిర్యాదు చేయవచ్చు. సంతకం పెట్టమని అడిగే చోట ఆ సన్నటి వాక్యాన్ని చదవకుండా పెడితే మాత్రం, వాదనలో మొదట చూపించేది ఆ సంతకాన్నే.